ఆర్టికల్ ఎన్ని పదాలుండాలి? తెలుగులో లెక్క తేల్చుకునే పద్ధతి

గూగుల్‌కు నచ్చే పదాల సంఖ్య అంటూ ఏదీ లేదు. ఒక్క ముక్కలో తేలే ప్రశ్నకు 150 పదాలు చాలు. వంటకు 600 నుంచి 800, ప్రభుత్వ కార్యాలయంలో ఒక పని ఎలా చేయించుకోవాలో చెప్పడానికి 1000 దాకా పట్టొచ్చు. ఇవి తెలుగు పదాలు, అవి కూడా అంచనాలే. ఇంగ్లిష్ సైట్లలో చదివిన 1500, 2000 అంకెల్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ వాడకూడదు. మీ ఆర్టికల్‌కు ఎంత నిడివి కావాలో రాయకముందే ఎలా తేల్చుకోవాలి, రాశాక ఎక్కడ కోయాలి, పెట్టాక ఎలా సరిచూసుకోవాలి అన్నది కింద వరుసగా ఉంది.

ముందు ఆ 2000ను పక్కన పెట్టండి

ఆ అంకె ఎక్కడ పుట్టిందో తెలిస్తే వదిలేయడం తేలిక. 2012లో సెర్ప్‌ఐక్యూ అనే సంస్థ గూగుల్ మొదటి పేజీ ఫలితాలను లెక్కగట్టి, మొదటి పది స్థానాల్లో ఉన్న పేజీల సగటు 2000 పదాలకు పైనే ఉందని చెప్పింది. 2016లో సెర్చ్ ర్యాంకుల గురించి రాసే బ్యాక్‌లింకో అనే సైట్ చేసిన లెక్కలో ఆ సగటు 1,890. అదే బ్యాక్‌లింకో 2020లో 1 కోటి 18 లక్షల ఫలితాలు చూస్తే 1,447 వచ్చింది. మొదటి స్థానానికీ పదో స్థానానికీ మధ్య పదాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదని కూడా ఆ లెక్కలోనే తేలింది. ఈ రెండో సంగతిని మాత్రం ఎవరూ ప్రచారం చేయలేదు.

పెద్ద ఆర్టికల్స్ పైన కనిపించడానికి కారణం వాటి పొడవు కాదు. విషయాన్ని పూర్తిగా చెప్పినవి సహజంగానే పెద్దవిగా ఉంటాయి, వాటికి బయటి సైట్ల నుంచి లింకులూ ఎక్కువ వస్తాయి. వాన పడితే గొడుగులు కనిపిస్తాయి గానీ, గొడుగు విప్పినంత మాత్రాన వాన పడదు కదా. సైట్ల యజమానుల కోసం గూగుల్ రాసిన మార్గదర్శకాల్లోనే ఈ ప్రశ్న ఉంది: ఫలానా పదాల సంఖ్య గూగుల్‌కు ఇష్టమని ఎక్కడో విని ఆ లెక్కకు రాస్తున్నారా? పక్కనే జవాబూ ఉంది, అలాంటిదేమీ లేదని. గూగుల్‌లో సెర్చ్ వ్యవహారాలు చూసే జాన్ ముల్లర్ కూడా పదాల సంఖ్యతో ర్యాంకు, అంటే ఫలితాల్లో పై స్థానం, రాదని చాలాసార్లు చెప్పారు.

మరి సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించుకునే యోస్ట్ అనే ప్లగిన్ 300 పదాలు దాటకపోతే ఎందుకు అభ్యంతరం చెబుతుంది? అది ఆ ప్లగిన్ పెట్టుకున్న నియమం. 180 పదాల్లో ప్రశ్న తేలిపోతే ఆ గుర్తును పట్టించుకోకుండా పబ్లిష్ చేయండి.

తెలుగు పదాల లెక్క వేరు

తెలుగులో రాసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన భాషలో విభక్తులు, క్రియకు పట్టే తోకలు అన్నీ పదంలోనే అతుక్కుపోతాయి. "నీళ్లు తగలకుండా చూసుకోవాలి" అన్నది మూడు పదాలు. ఇదే సంగతిని ఇంగ్లిష్‌లో "యూ మస్ట్ మేక్ ష్యూర్ దట్ నో వాటర్ టచెస్ ఇట్" అంటే తొమ్మిది పదాలు. ప్రతి వాక్యంలోనూ ఇంత తేడా ఉండదు. మామూలు సమాచార వ్యాసాల్లో ఇంగ్లిష్ పదాల సంఖ్యలో మూడింట రెండొంతులు, కాస్త అటూ ఇటూగా, తెలుగులో సరిపోతాయి. అంటే 1500 పదాల ఇంగ్లిష్ ఆర్టికల్‌లోని సరుకంతా తెలుగులో సుమారు 1000 పదాల్లో పడుతుంది. క్లయింట్ ఏం రాయాలో చెబుతూ ఇచ్చిన ఇంగ్లిష్ బ్రీఫ్‌లో 1500 అని ఉంటే దాన్ని తెలుగులోనూ 1500 చేయాలని కూర్చోవడం వల్లే "ఈ విధంగా", "ముఖ్యంగా చెప్పాలంటే", "అన్న విషయం మనందరికీ తెలిసిందే" లాంటివి ఆర్టికల్ నిండా చేరతాయి.

రెండో చిక్కు, ఖాళీలు. నువ్వులనూనె అని కలిపి రాస్తే ఒకటి, నువ్వుల నూనె అని విడదీస్తే రెండు. ఏడాదిపాటు, ఏడాది పాటు కూడా అంతే. రాసేవారి అలవాటును బట్టి అదే ఆర్టికల్ ఒకరి దగ్గర 900, ఇంకొకరి దగ్గర 1000 అవుతుంది. పదానికింత అని డబ్బు ముడిపడినచోట ఈ తేడా తగువుకు దారితీస్తుంది కాబట్టి ఖాళీలు ఎక్కడ ఇవ్వాలో ఎడిటర్‌తో ముందే మాట్లాడుకోండి.

మూడోది, లెక్కపెట్టే పనిముట్టు. గూగుల్ డాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, సి మూడూ కలిపి నొక్కితే సరైన లెక్కే వస్తుంది. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో అడుగు పట్టీలోనే కనిపిస్తుంది. చదవడానికి ఎన్ని నిమిషాలో చూపించే కొన్ని ప్లగిన్లతో మాత్రం జాగ్రత్త. ఈ ప్లగిన్లు రాసే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగ్ వర్డ్ కౌంట్ అనే ఫంక్షన్ ఇంగ్లిష్ అక్షరాల కోసం చేసినది. దాన్ని వాడే ప్లగిన్‌కు తెలుగు పేజీ ఇస్తే సున్నా అయినా చూపిస్తుంది, పొంతన లేని అంకె అయినా చూపిస్తుంది. మీ సైట్‌లో పెద్ద ఆర్టికల్ పక్కన "1 నిమిషం" అని ఉంటే తప్పు మీ రాతలో లేదు, ఆ ఫంక్షన్‌లో ఉంది.

అడిగేవాళ్లు ఏం చేస్తూ అడుగుతున్నారు?

ఇప్పుడు అసలు పని. ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి మీ ప్రశ్నను గూగుల్‌లో టైప్ చేయండి. ఒకసారి తెలుగు లిపిలో, ఇంకోసారి ఇంగ్లిష్ అక్షరాల్లో. తెలుగువాళ్లలో చాలామంది రెండో రకంగానే వెతుకుతారు, ఫలితాలూ రెండింటికీ వేరుగా వస్తాయి. మొదటి పది ఫలితాల్లో పదాలు లెక్కపెట్టకండి. ఈ మూడు చూడండి.

జవాబును గూగులే పైన ఇచ్చేస్తోందా? డాలరు రేటు, క్రికెట్ స్కోరు లాంటివాటికి అదే జరుగుతుంది. అక్కడ 100 పదాలు రాసినా 3000 రాసినా ఒకటే, ఆ ప్రశ్న వదిలేయండి. పైన అన్నీ వీడియోలేనా? అయితే వీడియోలో దొరకనిది రాయాలి: కొలతల పట్టిక, ఫీజుల పట్టిక, కావలసిన కాగితాల జాబితా, అంటే పని మధ్యలో ఒక్క క్షణం చూసుకునేవి. అలాంటి పేజీ చిన్నదిగా ఉండటమే మేలు. పైన ఉన్న పేజీలన్నీ ఒకే సంగతిని వదిలేశాయా? దాన్ని రాసి పెట్టుకోండి, మీ ఆర్టికల్‌లో ఎక్కువ చోటు దానికే.

తర్వాత ప్రశ్నలు పోగేయండి. సెర్చ్ పెట్టెలో మీ పదం కొట్టి, పక్కన ఒక్కో అక్షరం వేస్తూ పోతే సూచనలు వస్తాయి. "పీపుల్ ఆల్సో ఆస్క్" పెట్టెలో కొన్ని ఉంటాయి, పేజీ అడుగున ఇంకొన్ని. వీటికంటే మంచి గని ఇంకోటి ఉంది. అదే విషయం మీద బాగా చూసిన తెలుగు యూట్యూబ్ వీడియోల కింద కామెంట్లు. "ఉప్పు తక్కువైంది అక్కా, ఇప్పుడు కలపొచ్చా?" లాంటి ప్రశ్న జనం వెతికే మాటల్ని చూపించే ఏ కీవర్డ్ టూల్‌లోనూ దొరకదు, పైగా అది నిజంగా ఇబ్బందిలో ఉన్నవాళ్లు అడిగింది.

పోగైన ప్రశ్నల్ని మూడు కుప్పలు చేయండి: ఈ పేజీలో తప్పనిసరి, వేరే పేజీకి వెళ్లాల్సినవి, మనకు అక్కర్లేనివి. మొదటి కుప్పలో ఒక్కో ప్రశ్న పక్కన ఎన్ని పదాల్లో తేలుతుందో వేసుకుంటూ కూడితే వచ్చేదే మీ నిడివి.

ఆవకాయతో ఒకసారి చేసి చూద్దాం

"ఆవకాయ పెట్టడం ఎలా" అని వెతికే మనిషిని ఊహించండి. ముక్కలు కొట్టించి తెచ్చారు, గుడ్డ మీద ఆరుతున్నాయి. చేతికి కారం అంటి ఉంది, ఫోన్ జాడీకి ఆనించి ఉంది, చిటికెన వేలితో తెర జరుపుతున్నారు. ఈ మనిషికి ఏం కావాలో వరుసగా వేస్తే పద్దు ఇలా వస్తుంది:

- కొలతలు, మొదటి పేరాలోనే: 50
- కాయ ఎలాంటిది ఉండాలి (గట్టిగా, పుల్లగా, టెంక కట్టినది): 60
- కిలో, రెండు కిలోలకు కొలతల పట్టిక: 60
- కడగడం, తుడవడం, ముక్కలు కొట్టడం, జీడి తీసి ఆరబెట్టడం: 100
- కలపడం, జాడీకెత్తడం: 120
- మూడో రోజు తిరగకలపడం, ఉప్పు చూసుకోవడం: 70
- బూజు పట్టడం, ముక్క మెత్తబడటం, నూనె పైకి తేలకపోవడం: 180
- నిల్వ: 50

మొత్తం 690. ఆవకాయకు ఇది చాలు. దీన్ని 2000 చేయాలంటే మామిడి పుట్టుపూర్వోత్తరాలు, ఆవాల పోషక విలువలు, ఆవకాయ లేని తెలుగు భోజనం ఊహించలేం అన్న పేరా తెచ్చి అతికించాలి. కారం చేతులతో ఉన్న మనిషి వాటిని దాటుకుంటూ పోవాలి. దాటలేక వెనక్కి వెళ్లిపోతారు, పక్క ఫలితం నొక్కుతారు.

పద్దులో అన్నిటికంటే పెద్దది ఏదో చూడండి. తప్పులు ఎక్కడ జరుగుతాయో చెప్పే భాగం. మిగతావన్నీ ప్రతి పేజీలోనూ ఉంటాయి. బూజు ఎందుకు పట్టిందో కారణంతో చెప్పేవి తక్కువ: కాయ తుడిచాక తడి మిగలడం, తడి గరిటె పెట్టడం, ఉప్పు తగ్గించడం, ముక్కల మీద నూనె తేలి నిలవకపోవడం. ఒక్కో కారణానికి గుర్తు ఏమిటి, అప్పటికప్పుడు చేయగలిగింది ఏమిటి అని రాస్తే 180 పదాలు వాటంతట అవే వస్తాయి. మీ ఆర్టికల్‌ను పెంచాల్సి వస్తే పెంచాల్సిన చోటు ఇదే, ఉపోద్ఘాతం కాదు.

ఆ ఉపోద్ఘాతం సంగతి. మామూలుగా కనిపించేది ఇది:

"ఆవకాయ అంటే తెలియని తెలుగువారు ఉండరు. వేసవి వచ్చిందంటే చాలు ప్రతి ఇంట్లోనూ ఆవకాయ సందడి మొదలవుతుంది. అటువంటి ఆవకాయను ఎంతో రుచిగా, ఏడాది పాటు నిల్వ ఉండేలా ఎలా పెట్టుకోవాలో ఈ ఆర్టికల్‌లో వివరంగా తెలుసుకుందాం."

27 పదాలు. వీటిలో పాఠకుడికి తెలియనిది ఒక్కటీ లేదు. దాని చోట ఇది పెట్టండి:

"నాలుగు గిన్నెల మామిడి ముక్కలకు అదే గిన్నెతో ఒక గిన్నె కారం, ఒక గిన్నె ఆవపిండి, గిన్నెకు కాస్త వెలితిగా ఉప్పు. ముక్కలు మునిగేంత నువ్వులనూనె. మూడో రోజు తిరగకలపాలి."

22 పదాలు. ఇక్కడితో పేజీ మూసేసినా ఆవకాయ పెట్టేయొచ్చు. జవాబు పైనే ఇచ్చేస్తే కిందకు ఎవరు చదువుతారని కొందరి భయం. కొలతలు దొరికినవాళ్లకే మిగతాది చదివే ఓపిక ఉంటుంది. ఫలితాల పైన పెట్టె కట్టి చూపించడానికి గూగుల్‌కు కూడా ఇలా విడిగా నిలబడే చిన్న పేరా అందుబాటులో ఉండాలి.

ఇక మాగాయ, పెసరావకాయ. ఇవి ఈ పేజీలోనే రాయాలా, వేరేగానా? రెండు ప్రశ్నల్నీ విడివిడిగా వెతకండి. రెండింటికీ దాదాపు అవే పేజీలు వస్తుంటే ఒక్క పేజీ చాలు. వేర్వేరు పేజీలు వస్తుంటే వేరేగా రాసి లింకు ఇవ్వండి. "వెల్లుల్లి వేయాలా వద్దా" లాంటిదానికి వేరే పేజీ చేశారంటే మీ రెండు పేజీలు ఒకే ప్రశ్నకు పోటీ పడతాయి, రెండూ గూగుల్ ఫలితాల రెండో పేజీలో ఉండిపోవచ్చు.

కోత

రాశాక ఒక రాత్రి వదిలేసి, మర్నాడు ఫోన్‌లో చదవండి. కంప్యూటర్ తెర మీద ముచ్చటగా కనిపించిన పేరా ఫోన్‌లో గోడలా నిలబడుతుంది. నాలుగు వాక్యాలు దాటిన పేరాల్ని విడగొట్టండి. ప్రతి పేరా దగ్గరా ఆగి, ఇది తీసేస్తే ఎవరి పని ఆగిపోతుందో అడగండి. ఎవరిదీ ఆగకపోతే తీసేయండి. మొదటి చిత్తులో ఐదో వంతు ఇలా పోవడం మామూలే.

ముఖ్యంగా మూడు చోట్ల కొవ్వు పేరుకుంటుంది. కీవర్డ్‌ను మళ్లీమళ్లీ పూర్తిగా రాయడం ఒకటి. "ఆవకాయ పచ్చడి తయారీ విధానం" అని తొమ్మిదిసార్లు రాసినచోట "ఇది", "పచ్చడి" అంటే సరిపోతుంది, గూగుల్‌కు సర్వనామాలు అర్థమవుతాయి. చివర్లో తగిలించే "తరచుగా అడిగే ప్రశ్నలు" రెండోది. పైన చెప్పినదాన్నే మళ్లీ ప్రశ్నలుగా మార్చి 300 పదాలు పెంచడం చాలా సైట్లకు అలవాటైంది. ఆ ప్రశ్నల్ని ఫలితాల్లోనే విప్పి చూపించే సదుపాయాన్ని గూగుల్ 2023 ఆగస్టులో తగ్గించి, పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. మీ పచ్చళ్ల సైట్‌కు దాని వల్ల ఒరిగేదేమీ లేదు. మూడోది ముగింపు పేరా, చెప్పిందే చెప్పడం.

మెషిన్‌తో, అంటే ఏఐతో, సాగదీయించడం గురించి కూడా చెప్పాలి. 600 పదాలిచ్చి 1800 చేయమంటే చేసిపెడుతుంది. కొత్త సంగతి ఒక్కటీ చేరదు. 2024 మార్చిలో గూగుల్ తెచ్చిన స్పామ్ నిబంధనలు, ర్యాంకుల కోసమే గుట్టలుగా పేజీలు తయారు చేయడాన్ని అవి మనిషి రాసినా యంత్రం రాసినా ఒకే గాటన కట్టాయి. అంతకు చాలా ముందే, 2011 ఫిబ్రవరిలో గూగుల్ ర్యాంకులిచ్చే పద్ధతిలో తెచ్చిన పాండా అప్‌డేట్ అనే మార్పు సరుకు లేని పేజీల్ని కిందకు తోసింది. సరుకు లేకపోవడం అంటే పదాలు తక్కువ కావడం అని అప్పట్లో చాలామంది అర్థం చేసుకున్నారు. ఈ 2000 జబ్బుకు అదీ ఒక కారణమే.

తేలిన నిడివి 1200 దాటితే పైన విషయసూచిక పెట్టి, ప్రతి ఉపశీర్షికకూ లింకు ఇవ్వండి. అంతకు లోపైతే అక్కర్లేదు.

శీర్షిక, యూఆర్ఎల్

నిడివి సమస్య ఇక్కడా ఉంది. శీర్షిక 60 అక్షరాల లోపు ఉండాలన్నది ఇంగ్లిష్ లెక్క. గూగుల్ వెడల్పును బట్టి కత్తిరిస్తుంది, తెలుగు అక్షరాలు వెడల్పెక్కువ. కాబట్టి ముఖ్యమైన మాట మొదట్లోనే రావాలి.

యూఆర్ఎల్‌ను, అంటే పేజీ చిరునామాను, తెలుగు లిపిలో వదిలేయకండి. ఒక్కో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు లోపల 9 గుర్తులుగా మారుతుంది. చిరునామా చివర ఉండే పేజీ పేరుకు, అంటే స్లగ్‌కు, వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200. "ఆవకాయ కొలతలు" అన్న రెండు మాటలకే మధ్య గీతతో కలిపి సరిగ్గా 100 ఖర్చవుతాయి. కాస్త పొడుగు శీర్షికైతే మాట మధ్యలో తెగిపోతుంది, వాట్సాప్‌లో పంపితే అరగజం శాతం గుర్తులుగా కనిపించే అవకాశం ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు నాలుగు మాటలు రాసుకోండి.

పెట్టాక

ఆర్టికల్‌ను సైట్‌లో పెట్టాక రెండు మూడు నెలలు ఆగండి. తర్వాత సైట్ల యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి, ఆ పేజీ ఒక్కదాన్నే ఎంచుకుని, క్వెరీల (జనం వెతికిన మాటల) జాబితా చూడండి. సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉండి, ఇంప్రెషన్లు (ఫలితాల్లో మీ పేజీ కనిపించిన సార్లు) బాగా ఉన్న ప్రశ్నలు మీకు పనికొచ్చేవి. వాటికి మీ పేజీలో జవాబు ఉందా? లేకపోతే 60 నుంచి 100 పదాల్లో, ఆ ప్రశ్ననే ఉపశీర్షికగా పెట్టి రాయండి. జవాబు ఉండి కూడా ర్యాంకు రావడం లేదంటే అది ఎక్కడో మధ్య పేరాలో పాతుకుపోయి ఉంటుంది. పైకి తీయండి. ఇలా పెరిగే పొడవు మంచిదే, ఎందుకంటే దాన్ని అడిగింది పాఠకులు.

ఇంప్రెషన్లు ఉండి క్లిక్కులు లేకపోతే నిడివి జోలికి పోకండి, అది శీర్షిక తప్పు. విషయం ఏమీ మార్చకుండా తేదీ మాత్రం కొత్తది వేయడం కూడా వద్దు. గూగుల్ తన మార్గదర్శకాల్లో వేలెత్తి చూపిన పనుల్లో అదొకటి. నిజంగా మార్చినప్పుడు తేదీ మార్చి, యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో మళ్లీ ఇండెక్సింగ్ అడగండి, అంటే పేజీని కొత్తగా చదివి నమోదు చేసుకోమని గూగుల్‌ను కోరండి.

ఈ రిపోర్టు 16 నెలల వెనక్కి చూపిస్తుంది. అంత కాలంలో కూడా ఇంప్రెషన్లు రాని చిన్న పేజీలు మీ దగ్గర ఉంటే, ఒకే విషయానికి చెందినవాటిని ఒక పేజీలోకి చేర్చండి. ఆవకాయలో వెల్లుల్లి, ఆవకాయకు ఏ నూనె, ఆవకాయ జాడీ ఎలా ఉండాలి అని మూడు పేజీలుంటే మూడూ అసలు ఆర్టికల్‌లో తలా రెండు వాక్యాలు అవుతాయి. పాత యూఆర్ఎల్‌ల నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్త పేజీకి మళ్లించే ఏర్పాటు) పెట్టాకే పాతవి తొలగించండి. ముందే తొలగిస్తే వాటికి బయటి నుంచి వచ్చిన ఒకటీ అరా లింకులు "పేజీ లేదు" అని చెప్పే 404 పేజీకి వెళ్లి ఆగిపోతాయి.